అడ్డంకి – మూల్యం: రొమాన్స్, యంగ్ అడల్ట్ ఫాంటసీ నవలల సమీక్షకు రెండు ప్రమాణాలు

వ్యాససంగ్రహం:

రొమాన్స్ నవలకూ యంగ్ అడల్ట్ ఫాంటసీ నవలకూ పాఠకులు ఎక్కువ, విమర్శకులు తక్కువ. వీటిపై వచ్చే సమీక్షలు చాలావరకు కథాసారంతో ఆగిపోతాయి, లేదా ‘పలాయనవాదం’ అనే ఒక్క మాటతో తీర్పు చెప్పి ముగుస్తాయి. ముగింపు ముందే తెలిసిన కథను, లోకంలో లేని శక్తులు నడిపించే కథను ఏ ప్రమాణాలతో విలువకట్టాలన్నది ఈ వ్యాసం చర్చించే విషయం. రొమాన్స్‌లో ప్రేమికుల మధ్య నిలిచిన అడ్డంకి ఎలాంటిది, అది ఎలా తొలగింది? ఫాంటసీలో అద్భుతశక్తికి చెల్లించవలసిన మూల్యం ఏమిటి, దాన్ని ఎవరు చెల్లించారు? ఈ రెండు ప్రశ్నలే ఆ ప్రక్రియల లోపలినుంచి పుట్టిన ప్రమాణాలని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. యద్దనపూడి సులోచనారాణి, ఉర్సులా లె గ్విన్, స్టెఫనీ మేయర్, ఫిలిప్ పుల్మన్ రచనలతో పాటు శకుంతలోపాఖ్యానాన్ని ఈ ప్రమాణాలతో పరిశీలిస్తుంది.

కీలకపదాలు: రొమాన్స్ నవల, యంగ్ అడల్ట్ ఫాంటసీ, సమీక్ష, విప్రలంభం, ఔచిత్యం, శకుంతల, ట్విలైట్.

1. ఉపోద్ఘాతం:

సాహిత్య విమర్శ నవలను అంచనా వేసేటప్పుడు సాధారణంగా కొత్తదనం, వాస్తవికత, సామాజిక ప్రయోజనం అనే మూడు గుణాలను వెతుకుతుంది. రొమాన్స్ నవల ఈ మూడింటి దగ్గరా ముందే ఓడిపోయినట్టు కనిపిస్తుంది. నాయికానాయకులు చివరికి ఒక్కటవుతారని పాఠకురాలికి మొదటి పుటలోనే తెలుసు. ఫాంటసీ అయితే వాస్తవికత అనే పరీక్షకే కూర్చోదు. దాంతో ఈ రెండు ప్రక్రియలనూ ‘కాలక్షేప సాహిత్యం’ అనే గదిలోకి నెట్టి తలుపు వేయడం విమర్శకు అలవాటైంది.

తెలుగులోనూ ఇదే జరిగింది. 1960ల నుంచి వారపత్రికలు, మాసపత్రికలు ధారావాహికలుగా ప్రచురించిన ప్రణయ నవలలు ఒక తరం స్త్రీలను పాఠకులుగా తయారుచేశాయి. స్త్రీల పేర్లకు ఉన్న గిరాకీ చూసి పురుషులు స్త్రీల పేర్లతో నవలలు రాసిన కాలమది. అయినా ఆ నవలల మీద స్థిరపడిన వ్యాఖ్య మాత్రం ‘ఆరడుగుల అందగాడు, పెద్ద కారు’ అనే ఎకసెక్కమే. ఒక ప్రక్రియను దాని సామాన్య లక్షణాన్నిబట్టి నవ్విపోవడం సులభం. ఆ లక్షణాలున్న వంద నవలల్లో ఏది మంచిది, ఏది కాదు, ఎందుకు అని చెప్పడం కష్టం. సమీక్ష పని ఆ కష్టమైన భాగంలోనే ఉంది.

ముగింపు తెలియడం దోషమైతే పురాణేతిహాసాల మీద అల్లిన కావ్యమేదీ నిలవదు. పారిజాతం సత్యభామ పెరట్లోకి వస్తుందని తెలిసే పాఠకులు నంది తిమ్మన కావ్యాన్ని చదివారు. ఏం జరుగుతుందన్న ఉత్కంఠ లేనిచోట, ఎలా జరుగుతుందన్న ఆసక్తే కావ్యాన్ని నడిపిస్తుంది. రొమాన్స్ నవలను పరిశీలించవలసింది కూడా ఆ ‘ఎలా’ దగ్గరే.

2. పాఠకురాలే తొలి సమీక్షకురాలు:

రొమాన్స్ పాఠకులు విచక్షణ లేకుండా చదువుతారన్న అభిప్రాయాన్ని ప్రశ్నించిన ముఖ్యమైన గ్రంథం జానిస్ రాడ్వే రచించిన ‘రీడింగ్ ద రొమాన్స్’ (1984). అమెరికా మధ్యపశ్చిమ ప్రాంతంలో ‘స్మిత్‌టన్’ అని మారుపేరు పెట్టిన ఊళ్ళో రొమాన్స్ నవలలు చదివే స్త్రీలతో మాట్లాడి ఆమె ఈ అధ్యయనం చేశారు. వారి మధ్య కేంద్రంగా నిలిచినది ‘డాట్’ అనే మారుపేరుతో కనిపించే పుస్తక విక్రేత. కొత్తగా వచ్చిన నవలలను చదివి, ఏది కొనదగినదో, ఏది కాదో చెబుతూ ఆమె ఒక సమీక్షాపత్రం వెలువరించేది. విశ్వవిద్యాలయ విమర్శ ఈ నవలలన్నిటినీ ఒకే ముద్ద అనుకుంటున్న కాలంలో ఆమె వాటిని ఒక్కొక్కటిగా వేరుచేసి చూసింది.

ఆ పాఠకురాళ్ళకు స్పష్టమైన ప్రమాణాలున్నాయి. నాయికపట్ల క్రూరత్వాన్ని ప్రేమగా చూపే నవలను వారు తిరస్కరించారు. నాయిక తెలివి గలదై ఉండాలని కోరారు. నాయకుడి కాఠిన్యం వెనుక మృదుత్వం ఉందన్న సూచన కథలో సకాలంలో అందాలని ఆశించారు. ఇంటిపనుల మధ్య తమకంటూ కొంత సమయాన్ని దక్కించుకునే చర్యగా కూడా వారు చదువును చూశారు. పుస్తకం చేతిలో ఉన్నంతసేపూ ఆమె ఎవరికీ అందుబాటులో ఉండదు.

అయితే ఆ పఠనం వారి జీవితాల్లోని అసంతృప్తికి తాత్కాలిక ఉపశమనమే తప్ప మార్పుకు దారి కాదన్న అనుమానం రాడ్వే గ్రంథంలో వినిపిస్తుంది. 1991 ముద్రణకు రాసిన కొత్త పీఠికలో ఆమె తన పద్ధతిని తానే తిరిగి పరిశీలించుకున్నారు. సమీక్షకులకు ఇక్కడ దొరికే పాఠం ఒకటుంది. పాఠకులను జాలితో చూసే విమర్శ వారి తీర్పులను వినలేదు. వారి తీర్పులను యథాతథంగా ఆమోదించే విమర్శ తన పని చేయలేదు. పాఠకుల ప్రమాణాలను తెలుసుకుని, వాటికి కారణాలు వెతికి, అవసరమైనచోట వాటినీ ప్రశ్నించడం సమీక్ష చేయవలసిన పని.

3. రొమాన్స్: అడ్డంకి స్వభావం:

పమేలా రెజిస్ ‘ఎ నేచురల్ హిస్టరీ ఆఫ్ ద రొమాన్స్ నావెల్’ (2003)లో రొమాన్స్ నవలకు ఎనిమిది అంశాలు అవసరమని చెప్పారు. సమాజ చిత్రణ, కలయిక, అడ్డంకి, ఆకర్షణ, ప్రేమ ప్రకటన, అంతా ముగిసిపోయిందనిపించే ఘట్టం, గుర్తింపు, వివాహ నిశ్చయం అనేవి ఆ ఎనిమిది. వీటిలో నవలకూ నవలకూ ఎక్కువగా మారేది అడ్డంకి. తక్కినవన్నీ దాని చుట్టూ అమరుతాయి.

భారతీయ అలంకారశాస్త్రం ఈ సంగతిని మరో మార్గంలో ఏనాడో గుర్తించింది. విప్రలంభం లేనిదే సంభోగ శృంగారం పుష్టి పొందదని ఆలంకారికులు చెప్పారు. ఎడబాటుకు పూర్వరాగం, మానం, ప్రవాసం వంటి కారణాలను వేరువేరుగా వర్గీకరించారు. అంటే ప్రేమికులు విడిపోయారా అన్నదే కాక, ఏ కారణంచేత విడిపోయారన్నది కూడా రసపోషణలో భాగమే.

జేన్ ఆస్టిన్ ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’ (1813)లో అడ్డంకి రెండు వైపులా ఉంది. డార్సీ అహంకారంతో ఎలిజబెత్ అక్క వివాహానికి అడ్డుపడ్డాడు. ఎలిజబెత్ ఒకరి మాట నమ్మి డార్సీని తప్పుగా అంచనా వేసింది. ఈ అడ్డంకి కాలం గడిచినంతమాత్రాన తొలగలేదు. ఎలిజబెత్ అతని ఉత్తరాన్ని మళ్ళీ మళ్ళీ చదివి తన తప్పును తాను ఒప్పుకోవలసి వచ్చింది. డార్సీ తాను అసహ్యించుకునే విక్‌హామ్ అప్పులు తీర్చి, ఆ సంగతి ఎవరికీ తెలియకుండా ఉంచవలసి వచ్చింది. ఇద్దరూ మారారు కనుక వివాహం సాధ్యమైంది. అపార్థం తొలగడానికి ఎవరో చాటునుంచి ఒక మాట వింటే చాలు అన్నట్టు నడిచే నవలకూ దీనికీ తేడా ఇక్కడే ఉంది.

ఈ ప్రమాణంతో యద్దనపూడి సులోచనారాణి ‘సెక్రటరీ’ని చూస్తే చర్చ కారూ మేడా దాటి ముందుకు సాగుతుంది. 1960లలో వెలువడి, 1976లో చలనచిత్రంగా కూడా వచ్చిన ఈ నవలలో జయంతి ఉద్యోగం చేసుకునే మధ్యతరగతి యువతి. రాజశేఖరం ఆమెకు జీతమిచ్చే సంపన్నుడు. వారి మధ్య ఉన్న అడ్డంకిలో రెండు పొరలున్నాయి. మొదటిది స్థాయీభేదం. రెండవది జయంతి ఆత్మాభిమానం. యజమాని చూపే ఆదరాన్ని ప్రేమగా స్వీకరించాలా, దయగా తిరస్కరించాలా అన్న సందేహం ఉద్యోగం చేసే స్త్రీకి సహజమైనది. మధ్యతరగతి ఆడపిల్లలు కార్యాలయాల్లో అడుగుపెడుతున్న కాలంలో ఆ సందేహాన్ని కథకు ఇరుసుగా చేయడం ఈ నవల బలం.

సమీక్ష అడగవలసిన తరువాతి ప్రశ్న మరింత కఠినమైనది. వివాహంతో ఆత్మాభిమానానికి సమాధానం దొరికింది. మరి స్థాయీభేదం తొలగిందా, లేక కార్యాలయంనుంచి ఇంటిలోకి మారిందా? ఈ ప్రశ్న నవలను చిన్నబుచ్చదు. పాఠకురాలు ఆ నవలలో దేన్ని చూసి ఆనందించిందో, దేన్ని చూడకుండా దాటిపోవలసి వచ్చిందో రెండింటినీ ఒకచోట చూపిస్తుంది.

4. ఫాంటసీ: శక్తికి మూల్యం:

జె.ఆర్.ఆర్. టోల్కీన్ 1939లో సెయింట్ ఆండ్రూస్ విశ్వవిద్యాలయంలో అద్భుతకథలపై చేసిన ప్రసంగం ఫాంటసీ విమర్శకు పునాదుల్లో ఒకటి. అందులో ఆయన పలాయనం అనే ఆరోపణకు సమాధానం చెబుతూ, బందీ చెరనుంచి తప్పించుకోవడానికీ సైనికుడు యుద్ధరంగంనుంచి పారిపోవడానికీ ఉన్న భేదాన్ని గుర్తుచేశారు. కల్పితలోకం తన నియమాలకు తాను కట్టుబడి ఉన్నంతవరకే పాఠకుల నమ్మకం నిలుస్తుందని కూడా వివరించారు. కనుక ఫాంటసీకి వాస్తవికత అనే పరీక్ష లేకపోయినా అంతకు తక్కువకాని మరో పరీక్ష ఉంది. ఆ లోకంలో మంత్రం ఏమేం చేయగలదు, ఏం చేయలేదు, చేసినందుకు ఏం పోగొట్టుకోవాలి అన్న నియమాలను రచయిత చివరిదాకా పాటించారా అన్నదే ఆ పరీక్ష.

ఉర్సులా లె గ్విన్ ‘ఎ విజర్డ్ ఆఫ్ ఎర్త్‌సీ’ (1968) ఈ పరీక్షకు నిలిచే నవల. యువపాఠకుల కోసం రాసిన ఈ కథలో గెడ్ అనే విద్యార్థి తోటివాడి ఎత్తిపొడుపుకు రెచ్చిపోయి, తన శక్తిని నిరూపించుకోవడానికి మృతాత్మను పిలుస్తాడు. ఆ చీలికనుంచి ఒక ఛాయ లోకంలోకి వస్తుంది. దాన్ని మూసే ప్రయత్నంలో గురుకులాధిపతి ప్రాణం పోతుంది. గెడ్ ముఖం మీద మచ్చ మిగులుతుంది. చివరికి ఆ ఛాయను తన పేరుతోనే పిలిచినప్పుడు గాని అతనికి విముక్తి దొరకదు. ఎవరి తప్పుకు ఎవరు ఎంత చెల్లించారో ఈ నవలలో ప్రతి లెక్కా కనిపిస్తుంది. కౌమారం దాటుతున్న పాఠకుడికి శక్తి గురించీ బాధ్యత గురించీ ఇంతకంటే సూటిగా నీతివాక్యమేదీ చెప్పలేదు.

తెలుగులో యువపాఠకుల అద్భుతకథకు పెద్ద ఆధారం ‘చందమామ’. 1954లో ‘తోకచుక్క’తో మొదలుపెట్టి దాసరి సుబ్రహ్మణ్యం రాసిన ధారావాహికలు దాదాపు పాతికేళ్ళపాటు పిల్లలను నెలనెలా ఎదురుచూసేలా చేశాయి. ఆ ధారావాహికల మీద రచయిత పేరు అచ్చయ్యేది కాదు. పేరు లేని రచనకు సమీక్ష కూడా లేకపోయింది. వాటిలో మంత్రశక్తికోసం అర్రులు చాచేవారు చాలావరకు ప్రతినాయకులు. నాయకులు ధైర్యం, సమయస్ఫూర్తి, స్నేహం మీద ఆధారపడతారు. ‘శిథిలాలయం’లోని శిఖిముఖి, విక్రమకేసరుల జంట, ‘యక్షపర్వతం’లోని ఖడ్గవర్మ, జీవదత్తుల జంట ఇందుకు నిదర్శనాలు. అద్భుతాన్ని ఆశించేవాడు దానికి మూల్యం చెల్లించక తప్పదన్న భావన ఆ కథల నిర్మాణంలోనే ఇమిడి ఉంది. వాటిలో ప్రణయానికి చోటు స్వల్పం. నేటి యంగ్ అడల్ట్ ఫాంటసీ ఆ కథలనుంచి ప్రధానంగా వేరుపడేది ఇక్కడే. అందులో ప్రేమ, మంత్రం ఒకే కథలో కలిసి నడుస్తాయి.

5. రెండూ కలిసినచోట: శకుంతల కథ:

ప్రేమకథలో అద్భుతాంశం ప్రవేశించినప్పుడు విమర్శకు ఎదురయ్యే చిక్కు కొత్తది కాదు. మహాభారతంలో దుష్యంతుడు శకుంతలను గుర్తుపట్టీ తెలియనట్టు నటిస్తాడు. నన్నయ తెలుగులోనూ అంతే. అక్కడ అడ్డంకి రాజు లోకాపవాద భయం. దాన్ని శకుంతల సత్యవాక్కుతో ఎదుర్కొంటుంది. తరువాత ఆకాశవాణి ఆమె పక్షాన నిలుస్తుంది. కాళిదాసు ఈ కథలోకి దుర్వాసుని శాపాన్నీ ఉంగరాన్నీ తెచ్చాడు. దాంతో రాజు తప్పు మరపుగా మారింది.

శాపం నాయకుడి దోషాన్ని కడిగేయడానికి చేసిన కల్పన అనవచ్చు. అయితే కాళిదాసు రాజును ఊరికే వదలలేదు. ఉంగరం దొరికాక ఆరవ అంకమంతా పశ్చాత్తాపమే. కన్నకొడుకు బాల్యాన్ని చూసే భాగ్యం అతనికి దక్కలేదు. చివరికి ఆమె పాదాల మీద పడవలసి వచ్చింది. అయినా శకుంతల అనుభవించిన అవమానం, ఒంటరితనం ముందు అది సరిపోతుందా అన్న ప్రశ్న మిగిలే ఉంటుంది. శాపం ఆమెకు పడింది, మరపు అతనికి పట్టింది, మూల్యంలో అధికభాగం ఆమే చెల్లించింది. ‘అడ్డంకి ఎలా తొలగింది, ఎవరు చెల్లించారు’ అన్న ప్రశ్న పరాయి సిద్ధాంతం కాదనడానికి ఈ ఒక్క ఉదాహరణ చాలు.

6. ట్విలైట్, ఆంబర్ స్పైగ్లాస్:

స్టెఫనీ మేయర్ ‘ట్విలైట్’ నవలాశ్రేణి (2005–2008) విమర్శకుల వెక్కిరింతనూ యువపాఠకుల అభిమానాన్నీ సమానంగా పొందింది. బెల్లా అనే బాలిక, ఎడ్వర్డ్ అనే రక్తపిశాచం ప్రేమించుకుంటారు. అడ్డంకి నిజంగానే బలమైనది. అతని దాహానికి ఆమె రక్తమే లక్ష్యం. ఆమె అతనిలా మారాలంటే కన్నవారినీ, మాతృత్వాన్నీ, బహుశా ఆత్మనూ వదులుకోవాలని మొదటి మూడు నవలలూ పదేపదే హెచ్చరిస్తాయి. కొత్తగా మారినవారు చాలాకాలం దాహాన్ని అదుపు చేసుకోలేరని కూడా చెబుతాయి.

నాలుగవ నవల ‘బ్రేకింగ్ డాన్’లో ఈ మూల్యాలన్నీ ఒక్కొక్కటిగా మాఫీ అవుతాయి. మారకముందే ఆమె తల్లి అవుతుంది. మారిన వెంటనే ఆమెకు అసాధారణమైన నిగ్రహం అబ్బుతుంది. తండ్రితో బంధం తెగదు. ఆమెను ప్రేమించిన జేకబ్ బాధ, ఆమె కూతురితో ముడిపడిన విధి పేరుతో తీరిపోతుంది. చివరి యుద్ధం జరగకుండానే శత్రువులు వెనుదిరుగుతారు. మిగిలిన ఒక్క మూల్యం ప్రాణాంతకమైన గర్భధారణ. దాన్ని భరించింది బెల్లా దేహం ఒక్కటే. సుఖాంతం ఈ నవలకు దోషం కాదు, రొమాన్స్ పాఠకులకు చేసిన వాగ్దానమది. తాను విధించిన నియమాలను తానే ఎత్తివేసి ఆ సుఖాంతాన్ని చేరడం దోషం. నాలుగవ నవల రొమాన్స్‌గా మాట నిలుపుకుని ఫాంటసీగా మాట తప్పింది.

నాయకుడి ప్రవర్తనపై విమర్శలోనూ ఇంతే నిర్దిష్టత అవసరం. ఎడ్వర్డ్ రాత్రుళ్ళు బెల్లాకు తెలియకుండా ఆమె గదిలోకి వచ్చి ఆమె నిద్రపోతుండగా చూస్తాడు. ‘ఎక్లిప్స్’లో ఆమె జేకబ్‌ను కలవకుండా ఆపడానికి ఆమె వాహనం ఇంజన్‌లోని భాగాన్ని తీసేస్తాడు. రతి ఉభయనిష్ఠం కానప్పుడు రసాభాసమని ఆలంకారికులు చెప్పారు. ఇక్కడ ప్రేమ ఇద్దరిదీ కనుక ఆ సూత్రం నేరుగా వర్తించదు. రసభంగానికి అనౌచిత్యం తప్ప మరో కారణం లేదన్న ఆనందవర్ధనుని సిద్ధాంతం వర్తిస్తుంది. ప్రేమ ఉన్నంతమాత్రాన కాపలా కాయడం ఉచితం కాదు. తరువాత ఎడ్వర్డ్ ఆ విషయంలో పట్టు సడలిస్తాడన్నది కూడా సమీక్షలో చెప్పాలి. కాని రహస్యంగా చూడటాన్ని నవల ఎక్కువగా శ్రద్ధకు గుర్తుగానే చూపింది. పదిహేనేళ్ళ పాఠకురాలికి ఆ తేడా ఎత్తిచూపడంలోనే సమీక్షకు సార్థకత ఉంది.

ఫిలిప్ పుల్మన్ ‘హిజ్ డార్క్ మెటీరియల్స్’ మూడవ నవల ‘ది ఆంబర్ స్పైగ్లాస్’ (2000) ఇందుకు ఎదురు దిశలో సాగుతుంది. వేర్వేరు లోకాలకు చెందిన లైరా, విల్ కౌమారపు తొలిప్రేమను కనుగొనగానే ఒక నియమం బయటపడుతుంది. లోకాల మధ్య తెరిచిన ప్రతి ద్వారంనుంచీ చైతన్యానికి మూలమైన ధూళి కారిపోతుంది. పరాయి లోకంలో ఎవరూ ఎక్కువకాలం బతకలేరు. ఒక్క ద్వారాన్ని మాత్రమే తెరిచి ఉంచవచ్చు. అది మృతుల విముక్తికి అవసరం. ప్రేమికులు ఆ ఒక్కదాన్ని తమకోసం ఉంచుకోరు. విల్ తన కత్తిని విరిచేస్తాడు. లైరా సత్యాన్ని చదివే సహజశక్తిని కోల్పోతుంది. ఏటా ఒక రోజు ఒకే సమయానికి తమ తమ లోకాల్లోని ఆక్స్‌ఫర్డ్ ఉద్యానవనంలో ఒకే చోట కూర్చోవడం ఒక్కటే వారికి మిగిలిన కలయిక. నియమం నిలిచింది, మూల్యం ఇద్దరూ చెల్లించారు.

అయితే సుఖాంతం కోరి వచ్చిన రొమాన్స్ పాఠకురాలు ఈ నవలవల్ల నిరాశపడితే ఆ నిరాశ అజ్ఞానం కాదు. రెజిస్ నిర్వచనం ప్రకారం ఇది రొమాన్సే కాదు. ఏడిపించిన ప్రతి ముగింపూ గొప్పదని, నవ్వించిన ప్రతిదీ చవకదని భావించడం విమర్శకుల్లో ఉండే మరో రకం అలవాటు మాత్రమే.

7. రచయిత్రే తన సమీక్షకురాలు:

మూల్యం ఎవరు చెల్లిస్తున్నారన్న ప్రశ్న రచయితలను కూడా కదిలించగలదు. ఎర్త్‌సీ తొలి నవలల్లో ఉన్నత మంత్రవిద్య పురుషులది. స్త్రీల మంత్రానికి అక్కడ గౌరవం లేదు. లె గ్విన్ 1990లో ‘టెహాను’ రాసి అదే లోకాన్ని ఒక పల్లెటూరి వితంతువు, కాలిన గాయాలున్న ఒక బాలిక దృష్టితో మళ్ళీ చూశారు. శక్తినంతా పోగొట్టుకున్న గెడ్ అందులో మామూలు మనిషిగా బతకడం నేర్చుకుంటాడు. అతనికి ప్రేమ దక్కింది కూడా అప్పుడే. తొలి నవలల లోకంలో లెక్కకు రాని వారి లెక్కను రచయిత్రి తానే రాసింది. ఒక ప్రక్రియ తనను తాను సరిదిద్దుకోగలదనడానికి ఇంతకంటే నిదర్శనం అక్కరలేదు.

8. ముగింపు:

ఈ పరిశీలనవల్ల తేలిన అంశాలు:

1. రొమాన్స్ నవలకు ముగింపు తెలియడం దోషం కాదు. అడ్డంకి నిజమైనదా, అది పాత్రల మార్పువల్ల తొలగిందా, యాదృచ్ఛికంగా తొలగిందా అన్నది దాని విలువను నిర్ణయిస్తుంది.

2. ఫాంటసీ నవల తాను విధించుకున్న నియమాలకు కట్టుబడాలి. శక్తికి చెప్పిన మూల్యాన్ని చివర్లో మాఫీ చేయడం ఆ ప్రక్రియలో పెద్ద లోపం.

3. రెండూ కలిసిన యంగ్ అడల్ట్ నవలలో మూల్యం ఎవరు చెల్లించారన్నది ప్రధాన ప్రశ్న. శకుంతలనుంచి బెల్లా వరకు ఆ భారం ఎక్కువగా నాయికల మీదనే పడింది.

4. విప్రలంభం, ఔచిత్యం, రసాభాసం వంటి భావనలు ఈ నవలల విశ్లేషణకు నేటికీ పనికివచ్చే పరికరాలు.

5. పాఠకుల అభిరుచిని ఎగతాళి చేయడమూ, ప్రశ్నించకుండా అంగీకరించడమూ సమీక్ష కావు.

కౌమారంలో చదివిన నవల ప్రేమ ఎలా ఉండాలో, శక్తి ఎలా ఉండాలో చదివేవారి మనసులో ముందుగా ఒక రూపం గీస్తుంది. పుస్తకం చేతికొచ్చాక పెద్దలు పక్కన ఉండరు. తరగతి గదిలో దాని ప్రస్తావన రాదు. ఆ పాఠకులకు ఎదురయ్యే ఒకే ఒక్క విమర్శ బహుశా ఎక్కడో చదివిన సమీక్షే కావచ్చు. అది ఆ నవలను తమంత శ్రద్ధగా చదివినవారు రాసినదని తెలిస్తేనే వారు దాన్ని వింటారు.